నోటీసు బడికి సరే, ఖాళీ పోస్టుకు జవాబు ఎవరిది?

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం తిరగకముందే నోటీసులు బయలుదేరతాయి. జిల్లా సగటు కంటే వెనుకబడిన బడుల జాబితా ఒకటి తయారవుతుంది. ప్రధానోపాధ్యాయులను జిల్లా కేంద్రానికి పిలిపించి, నలుగురిలో లేపి నిలబెట్టి, ‘ఈసారి ఇంత తక్కువ ఎందుకొచ్చింది?’ అని అడుగుతారు. సంజాయిషీ రాసివ్వమంటారు. వచ్చే ఏడాదీ ఇదే తీరైతే ఇంక్రిమెంటు ఆపుతామనో, ఎయిడెడ్ బడి అయితే గ్రాంటు సంగతి ఆలోచించాల్సి వస్తుందనో ఒక మాట విసురుతారు. రాష్ట్రం ఏదైనా ఈ తంతు పెద్ద తేడా లేకుండా సాగుతుంది. ఆ జాబితాలో తెలుగు మాధ్యమం బడి ఉంటే, ఆ ఏడాదిలో ఎన్ని నెలలు దానికి లెక్కల టీచరు లేరో మాత్రం ఆ కాగితం మీద ఎక్కడా కనబడదు.

జవాబుదారీ వద్దని మేము అనడం లేదు. ఆ మాట మొదట్లోనే తేల్చుకోవాలి. మన బడులకు వచ్చే పిల్లలు ఎవరు? షోలాపూరులో బీడీలు చుట్టే తల్లుల పిల్లలు, ముంబైలో, బెంగళూరులో వీధులు ఊడ్చే వాళ్ల పిల్లలు, హోసూరు చుట్టుపక్కల పల్లెల్లో చిన్నకారు రైతుల పిల్లలు, రాయగడ, కోరాపుట్ వైపు చిన్న చిన్న పనులు చేసుకునే వాళ్ల పిల్లలు. డబ్బున్న తెలుగువారు ఎప్పుడో ప్రైవేటు ఇంగ్లీషు బడులకు వెళ్లిపోయారు. మిగిలిన వాళ్లకు ఈ బడి తప్ప వేరే దారి లేదు. ఐదో తరగతి పిల్లవాడు రెండో తరగతి వాచకం కూడబలుక్కుంటూ చదువుతుంటే, దాన్ని ‘అల్పసంఖ్యాకుల హక్కు’ అనే దుప్పటి కింద దాచిపెట్టడం ఆ పిల్లవాడికి చేసే ద్రోహం. తనిఖీ జరగాలి. పరీక్ష జరగాలి. పాఠం చెప్పని మాస్టారిని అడగాలి.

మా తగాదా తూకంతో. త్రాసులో ఒక పళ్లెంలోనే రాళ్లు వేస్తున్నారు.

తెలుగు బడి ఎలా ‘వెనుకబడిన బడి’ అవుతుందో ఒకసారి వరుసగా చూద్దాం. ఒక మాస్టారు పదవీ విరమణ చేస్తారు. తెలుగు మాధ్యమంలో చెప్పగల అభ్యర్థి దొరకలేదనో, ఆ కోటాకు నోటిఫికేషన్ లేదనో పోస్టు ఖాళీగా ఉండిపోతుంది. ఉన్న ఒకరిద్దరే అన్ని తరగతులనూ ఒకే గదిలో కూర్చోబెడతారు. ఏడాది గడిచేసరికి తల్లిదండ్రులకు విషయం తెలిసిపోతుంది. ‘మాస్టారూ, మీ మీద కోపం కాదండీ, పిల్లోడి బతుకు కదా, టీసీ ఇచ్చేయండి’ అంటూ ఒక తల్లి వస్తుంది. ఆమెను తప్పుపట్టే నోరు ఎవరికీ లేదు. అలా ఐదారుగురు వెళ్లగానే పిల్లల సంఖ్య నిబంధన కిందికి పడుతుంది. సిబ్బంది నిర్ధారణలో ఉన్న పోస్టుల్లో ఒకటి ‘మిగులు’ అని తేలుతుంది. ఆ మాస్టారిని డెప్యుటేషన్ మీద పక్క బడికి, అంటే రాష్ట్ర భాషా మాధ్యమం బడికి, పంపుతారు. మిగిలిన పిల్లల ఫలితాలు మరింత దిగజారతాయి. అప్పుడు నోటీసు వస్తుంది. నోటీసుకు జవాబు రాసేది ఎవరు? ఆ బడిలో మిగిలిపోయిన ఒకే ఒక్కరు.

ఈ గొలుసులో మొదటి కొక్కెం ప్రభుత్వం చేతిలో ఉంది. చివరి కొక్కేనికే శిక్ష.

చట్టం ఏమంటుందో కూడా చూడాలి. 2009లో చేసి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం బాధ్యతల్ని రెండు వైపులా పంచింది. 24వ సెక్షన్ ఉపాధ్యాయుడి విధులు చెప్పింది: వేళకు రావాలి, పాఠ్యాంశం పూర్తి చేయాలి, ప్రతి పిల్లవాడి స్థాయి చూసి అవసరమైతే అదనంగా చెప్పాలి. తప్పితే క్రమశిక్షణ చర్య అని అదే సెక్షన్ రెండో భాగం చెబుతుంది. 25వ సెక్షన్, దాని షెడ్యూలు ప్రభుత్వ బాధ్యత చెప్పాయి: ప్రాథమిక తరగతుల్లో 60 మంది వరకు ఉంటే ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. 26వ సెక్షన్ ఇంకా సూటిగా ఉంది: ప్రభుత్వం నడిపే, లేదా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో ఖాళీలు మంజూరైన పోస్టుల్లో పది శాతం దాటకూడదు. మరి దాటితే? దానికి శిక్ష ఏమిటో చట్టంలో వెతికినా దొరకదు. 18వ సెక్షన్ ప్రకారం గుర్తింపు లేకుండా ప్రైవేటు బడి నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా, ఆపైన ఆపకుండా నడిపితే రోజుకు పదివేలు. అదే సెక్షన్ మొదటి వాక్యమే ప్రభుత్వ సొంత బడులను ఈ గుర్తింపు నిబంధన నుంచి తప్పించింది. మాస్టారు తప్పితే 24, యాజమాన్యం తప్పితే 18, ప్రభుత్వం తప్పితే ఏమీ లేదు. ఇది మేము కోపంతో అంటున్న మాట కాదు, చట్టం పుస్తకం తెరిస్తే ఎవరికైనా కనబడేదే.

భాష సంగతికి వస్తే ఈ ఒంటి పళ్లెం తూకం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం, భాషాపర అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలంటుంది. ‘ప్రయత్నించాలి’ అన్న ఆ ఒక్క మాటలో ఎన్ని ఖాళీ పోస్టులైనా ఇమిడిపోతాయి. 350-బి కింద ప్రత్యేక అధికారి ఉన్నారు, ఆయన నివేదికలు రాస్తారు, అవి పార్లమెంటు ముందుకు వెళతాయి. రాష్ట్రాన్ని ఒప్పించగలరు తప్ప ఒత్తిడి చేసే అధికారం ఆయనకు లేదు. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లోనూ మాతృభాషా మాధ్యమం ‘సాధ్యమైనంత వరకు’ అనే ఉంది. మన హక్కుల పక్కన ఎప్పుడూ ఇలాంటి మెత్తటి మాటలే ఉంటాయి. మన బడుల మీదికి వచ్చే ఉత్తర్వుల్లో మాత్రం ‘తప్పనిసరిగా’, ‘తక్షణం’, ‘చర్య తీసుకోబడును’.

పాత లెక్క ఒకటి గుర్తుచేయాలి. 1949 ఆగస్టులో జరిగిన రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక సూత్రం పెట్టింది: ఒక బడిలో అల్పసంఖ్యాక భాష మాట్లాడే పిల్లలు 40 మంది, లేదా ఒక తరగతిలో 10 మంది ఉంటే, వాళ్ల భాషలో చెప్పడానికి కనీసం ఒక ఉపాధ్యాయుణ్ణి వేయాలి. ఆనాడు ఈ సంఖ్యలు ఒక తలుపు తెరవడానికి పెట్టినవి. ఇంతమంది ఉంటే చాలు, ప్రభుత్వం ఇవ్వకుండా తప్పించుకోకూడదు అని. ఇప్పుడు సంఖ్యలు తలుపు మూయడానికి పనికొస్తున్నాయి. ఇంతమంది లేకపోతే తీసేయవచ్చు అని. అంకెలు అవే, అవి కాపలా కాసే మనిషి మారాడు.

ఈ సంఖ్యల పాలన దేశమంతటా పెరుగుతోంది. 2017లో నీతి ఆయోగ్ ఒడిశా, జార్ఖండ్, మధ్యప్రదేశ్‌లతో కలిసి మొదలుపెట్టిన ‘సాథ్-ఈ’ కార్యక్రమంలో చిన్న బడులను పెద్ద బడుల్లో కలపడం ఒక ముఖ్య భాగం. అదే ఏడాది చివర్లో మహారాష్ట్ర పదిమంది కంటే తక్కువ పిల్లలున్న దాదాపు 1,300 జిల్లా పరిషత్ బడులను మూసి పక్క బడుల్లో కలుపుతామని ప్రకటించింది. వీటి వెనుక ఉన్న తర్కం పూర్తిగా తప్పు అనలేం. ఏడుగురు పిల్లలు, ఒక మాస్టారు, మూతపడిన మరుగుదొడ్డి ఉన్న బడి కంటే ఎక్కువ మంది పిల్లలు, సరిపడా మాస్టర్లు, ఒక ఆటస్థలం ఉన్న బడి మేలు కావచ్చు. కానీ ఆ లెక్కలో ‘దగ్గరి బడి’ అంటే కిలోమీటర్లలో దగ్గర. ఒడియా బడి అర కిలోమీటరులో ఉంటే, తెలుగు పిల్లవాడికి అదే ‘దగ్గరి బడి’. మూడో తరగతి దాకా తెలుగులో చదివిన పిల్లవాణ్ణి ఒక జూన్ నెలలో తీసుకెళ్లి ఒడియా నాలుగో తరగతిలోనో, కన్నడ నాలుగో తరగతిలోనో కూర్చోబెడితే, వాడు ఆ రోజు నుంచి ‘వెనుకబడిన విద్యార్థి’. ముందు వెనుకబడింది బడి, ఇప్పుడు పిల్లవాడు. దూరం కొలిచే టేపు ఉంది గానీ, ఒక భాష నుంచి ఇంకో భాషకు ఉన్న దూరం కొలిచే టేపు విద్యాశాఖ దగ్గర లేదు.

ఇది మన ఒక్కరి గోడు కాదు, ఆ న్యాయం కూడా పాటించాలి. ఆంధ్రప్రదేశ్ సరిహద్దుల్లో ఒడియా, కన్నడ, తమిళ మాధ్యమ బడులున్నాయి. ఇచ్ఛాపురం వైపు ఒడియా తల్లిదండ్రులు, మడకశిర వైపు కన్నడ తల్లిదండ్రులు, కుప్పం వైపు తమిళ తల్లిదండ్రులు మనం ఇక్కడ అడిగేవే అక్కడ అడుగుతున్నారు. మన ప్రతినిధులు అమరావతికి, హైదరాబాదుకు వెళ్లి ‘బయటి తెలుగు బడుల్ని కాపాడండి’ అని వినతిపత్రం ఇచ్చేటప్పుడు, అక్కడి అల్పసంఖ్యాక బడుల గురించి కూడా ఒక్క వాక్యం చేర్చితే ఆ కాగితానికి బరువు పెరుగుతుంది.

ఇక శాతాల సంగతి. పదో తరగతిలో 12 మంది పిల్లలున్న ఒక తెలుగు బడిని ఊహించుకోండి. మన బడుల్లో ఇది అరుదు కాదు. అక్కడ ఒక్క పిల్లవాడు ఎనిమిది శాతం కంటే ఎక్కువ. నిరుడు ఒకరు తప్పారు, ఫలితం 92 శాతం. ఈసారి ముగ్గురు తప్పారు, 75 శాతం. పత్రికలో అయితే ‘17 శాతం పతనం’. అసలు జరిగిందేమిటి? ఒక పిల్ల తండ్రి పోవడంతో జనవరి నుంచి బడికి రాలేదు, ఇంకొకడికి పరీక్షల ముందు కామెర్లు వచ్చాయి అనుకోండి. అంతే. ఊరి మధ్యలో 200 మంది రాసే పెద్ద బడిలో ఇదే జరిగితే అది ఒక్క శాతం, ఎవరూ గమనించరు. చిన్న బడికి ఒక్క ఏడాది శాతం చూసి నోటీసు ఇవ్వడం అంటే, నాణెం ఎగరేసి బొమ్మ పడలేదని మాస్టారిని మందలించడమే. కనీసం మూడేళ్ల సగటు చూడాలి. పిల్లల సంఖ్య ఇరవై లోపు ఉంటే శాతం అసలు వాడకూడదు. పేరుపేరునా పిల్లల స్థాయి చూడాలి. పన్నెండు మందే కాబట్టి అది కష్టం కూడా కాదు.

అసలు ఈ శాతాలే ఎంతవరకు చదువును చూపిస్తాయన్నది ఇంకో ప్రశ్న. కర్ణాటకలో 2024లో ఎస్‌ఎస్‌ఎల్‌సీ పరీక్ష గదుల్లో కెమెరాలు పెట్టి వెబ్‌కాస్టింగ్ చేశారు. 2023లో 83.89గా ఉన్న ఉత్తీర్ణత 73.40కి పడిపోయింది, అదీ ఆ ఏడాది గ్రేస్ మార్కులు పెంచిన తర్వాత. ఒక్క ఏడాదిలో రాష్ట్రంలోని పిల్లలందరూ మందబుద్ధులు కాలేదు. అంతకుముందు సంవత్సరాల శాతాల్లో కొంత చదువు, కొంత గది కాపలా తీరు కలిసి ఉన్నాయని తేలింది. ఆ కలగాపులగపు అంకెల మీదే ఇన్నేళ్లూ బడులకు ర్యాంకులిచ్చారు, మాస్టర్లకు మెమోలిచ్చారు. కెమెరాలు పెట్టడం మంచిదే. కానీ నిన్నటి అబద్ధపు శాతానికి అభినందన పత్రం, ఇవాళ్టి నిజం శాతానికి షోకాజ్ నోటీసు అంటే ఎలా?

ఫలితానికి డబ్బు ముడిపెట్టడం కొత్త ఆలోచన కాదు. ఇంగ్లండులో 1862లో ‘ఫలితాన్ని బట్టి చెల్లింపు’ పద్ధతి పెట్టారు. ఇన్‌స్పెక్టరు వచ్చి చదవడం, రాయడం, లెక్కలు పరీక్షించి, ఎంతమంది గట్టెక్కితే అంత గ్రాంటు. అదే మన మద్రాసు రాజధానికీ వచ్చింది, వీధి బడుల పంతుళ్లు ఫలితాల గ్రాంటు కోసం తనిఖీదారు ఎదుట పిల్లల్ని నిలబెట్టారు. ఇంగ్లండులో ఏం జరిగిందో స్వయంగా ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన కవి మాథ్యూ ఆర్నాల్డ్ చెబుతూనే వచ్చాడు: బోధన యంత్రంలా మారింది, పిల్లలు పుస్తకాన్ని కంఠతా పట్టి అప్పజెబుతున్నారు. ముప్ఫై ఏళ్లకు పైగా నడిచాక 1890లలో ఆ పద్ధతిని వదిలేశారు.

అమెరికా అనుభవం ఇంకా దగ్గరిది. అక్కడ 2002 జనవరిలో ‘ఏ పిల్లవాడూ వెనుకబడకూడదు’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక చట్టం వచ్చింది. మూడు నుంచి ఎనిమిది తరగతుల దాకా ఏటా చదువు, గణితం పరీక్షలు. కేంద్ర నిధులు తీసుకునే బడి వరుసగా రెండేళ్లు లక్ష్యం చేరకపోతే పిల్లలు వేరే బడికి వెళ్లవచ్చు. మూడో ఏడు అదనపు ట్యూషన్లు. ఆ తర్వాత సిబ్బంది మార్పు, చివరికి బడినే విప్పి మళ్లీ కట్టడం. 2014 నాటికి నూటికి నూరు మందీ స్థాయి చేరాలని గడువు. ఆ చట్టంలో మెచ్చుకోవలసింది ఒకటుంది: బడి సగటు వెనుక దాక్కోకుండా పేద పిల్లల, నల్లజాతి పిల్లల, ఇంగ్లీషు ఇంటి భాష కాని పిల్లల ఫలితాలను విడిగా చూపించమంది. మన రాష్ట్రాల్లో అల్పసంఖ్యాక భాషా మాధ్యమం పిల్లల ఫలితాలు అంత విడిగా, అంత క్రమంగా ప్రజల ముందు పెట్టడం మేము చూడలేదు. అది నేర్చుకోవలసిన మంచి.

చెడు కూడా ఆ విభజనలోనే ఉంది. ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లల గుంపును తీసుకోండి. ఒక పిల్ల ఇంగ్లీషు బాగా నేర్చుకోగానే ఆ గుంపు నుంచి బయటికి వెళ్లిపోతుంది. కొత్తగా వలస వచ్చిన పిల్ల ఆ గుంపులో చేరుతుంది. కాబట్టి మాస్టర్లు ఎంత బాగా చెప్పినా ఆ గుంపు మార్కులు ఎప్పుడూ తక్కువగానే కనబడతాయి. బాగా చెప్పిన ఫలం లెక్కలోంచి జారిపోతుంది. దీన్ని గుర్తించి తర్వాత కొంత సడలింపు ఇవ్వాల్సి వచ్చింది. ఇక శిక్ష భయం ఏం చేయించిందంటే, అట్లాంటా నగరంలో టీచర్లు, ప్రిన్సిపాళ్లు పిల్లల జవాబుపత్రాల్లో తప్పులు చెరిపి ఒప్పులు దిద్దారు. 2011లో రాష్ట్ర దర్యాప్తు 44 బడుల్లో 178 మంది పేర్లు బయటపెట్టింది. 2014 గడువు వచ్చేసరికి లక్ష్యం అందనంత దూరంలో ఉంది, ప్రభుత్వం రాష్ట్రాలకు మినహాయింపులు ఇస్తూ పోయింది. 2015 డిసెంబరులో ఆ చట్టం స్థానంలో వేరే చట్టం తెచ్చారు. అంత డబ్బున్న దేశంలోనే ఈ మందు వికటించింది. మన దగ్గర లెక్కల మాస్టారు లేని బడికి అదే సీసాలోది పోస్తున్నారు.

ఇంకో విషయం పెద్దగా చర్చకు రాదు. తనిఖీకి వచ్చే అధికారికి తెలుగు రాకపోతే ఏం తనిఖీ చేస్తారు? హాజరు పట్టీ, మధ్యాహ్న భోజనం రిజిస్టరు, గోడకు రంగు. పిల్లవాడు తెలుగు చదువుతుంటే అది తప్పుగా చదువుతున్నాడో ఒప్పుగా చదువుతున్నాడో ఆయనకు తెలియదు. ఆయన అడిగే నాలుగు ప్రశ్నలూ రాష్ట్ర భాషలో అడుగుతారు, పిల్లవాడు బిత్తరపోయి చూస్తాడు, ‘అభ్యాస స్థాయి అసంతృప్తికరం’ అని రాసి వెళతారు. తెలుగు బడికి తెలుగు చదవగల తనిఖీదారు కావాలని అడగడం అత్యాశ కాదు. ఒక జిల్లాకు ఒక్కరు చాలు. పాఠ్యపుస్తకాలదీ అదే కథ. రాష్ట్ర భాషలో పుస్తకం బడి తెరిచిన రోజున చేతిలో ఉంటుంది. తెలుగు అనువాదం కోసం ఎదురుచూడటం మాకు కొత్త కాదు. ఫలితాలు పెంచడానికి విద్యాశాఖ ఇచ్చే అభ్యాస దీపికలు, మాదిరి ప్రశ్నపత్రాలు కూడా చాలా చోట్ల మన పిల్లల దాకా వాళ్ల భాషలో చేరవు. ఆఖరికి పరీక్ష మాత్రం అందరికీ ఒకే రోజు.

తమిళనాడులో పరిస్థితికి ఇంకో మడత ఉంది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుంచి ఏటా ఒక్కో తరగతికి పెరుగుతూ పదో తరగతికి చేరింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలు మినహాయింపు కోసం కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. తమిళం నేర్చుకోవడం మన పిల్లలకు మంచిదే, ఆ గడ్డ మీద బతికే వాళ్లకు ఆ భాష రావాలి. కానీ తమిళం చెప్పే మాస్టారిని వేయకుండా తమిళం పేపరు పెట్టి, అందులో తప్పినవాళ్ల సంఖ్యను తెలుగు బడి ఖాతాలో రాస్తే అది బడి వైఫల్యం ఎలా అవుతుంది? యానాంలో కష్టం వేరు. అక్కడ తెలుగువాళ్లం అల్పసంఖ్యాకులం కాదు, కానీ పాలన పుదుచ్చేరిది. ఆంధ్ర బోర్డు నుంచి సీబీఎస్ఈకి మారిన బడుల్లో ఇక ముందు వచ్చే శాతాలను పాత శాతాల పక్కన పెట్టి తూచవద్దని మా మనవి.

ఇప్పుడు మనవైపు. ఎయిడెడ్ తెలుగు బడుల యాజమాన్యాలు కొన్ని 30వ అధికరణాన్ని ప్రహరీ గోడలా వాడుతున్నాయి. 2014లో సుప్రీంకోర్టు ప్రమతి తీర్పులో విద్యాహక్కు చట్టం అల్పసంఖ్యాక సంస్థలకు వర్తించదని చెప్పాక ఆ గోడ ఇంకా ఎత్తయింది. కానీ అదే సుప్రీంకోర్టు 1958లోనే, కేరళ విద్యా బిల్లు విషయంలో, నిర్వహించే హక్కు అంటే అధ్వానంగా నిర్వహించే హక్కు కాదని చెప్పింది. పేరు తెలుగు సంఘానిది, బోర్డు మీద తెలుగు అక్షరాలు, లోపల తెలుగు తరగతి ఎప్పుడో ఎత్తేసి ఇంగ్లీషు మాధ్యమం ఫీజులు వసూలు చేస్తున్న బడులున్నాయి. తొమ్మిదో తరగతిలో వెనుకబడిన పిల్లవాణ్ణి ‘ప్రైవేటుగా కట్టించండి’ అని పంపేసి, గేటు మీద ‘నూటికి నూరు శాతం’ అని బ్యానరు కట్టే బడులున్నాయి. ఆ నూటిలో లేకుండా పోయిన పిల్లవాడి లెక్క అడిగే హక్కు తల్లిదండ్రులకుంది. ఇలాంటి బడుల మీద ప్రభుత్వం చర్య తీసుకుంటే మేము అడ్డుపడం. అల్పసంఖ్యాక హోదా కూడా ఒక లెక్క చెప్పాల్సిన విషయమే.

ఇంతకీ మేము కోరేది పెద్దదేమీ కాదు. బడికి నోటీసు ఇచ్చే కాగితం మీదే రెండు గళ్లు ఎక్కువ గీయండి. ఆ బడికి మంజూరైన పోస్టులెన్ని, ఏడాదిలో ఏ పోస్టు ఎన్ని నెలలు ఖాళీ, తెలుగు పాఠ్యపుస్తకం ఏ తేదీన చేరింది, ఏ మాస్టారిని ఎన్ని రోజులు వేరే పనికి పంపారు. ఇవి మొదటి గడిలో. బడి ఫలితం రెండో గడిలో. మొదటి గడి నింపకుండా రెండో గడి మీద చర్య తీసుకోకూడదు. పోస్టు ఆరు నెలలకు మించి ఖాళీగా ఉన్న సబ్జెక్టులో ఫలితానికి మాస్టారిని బాధ్యుణ్ణి చేయకూడదు. విలీనం అంటే అదే భాషా మాధ్యమం ఉన్న బడితోనే, రానూపోనూ బండి ఏర్పాటుతోనే. అలాంటి బడి అందుబాటులో లేకపోతే విలీనం మాటే రాకూడదు. పిల్లలు వేరే బడికి వెళ్లినా తెలుగు పోస్టు వాళ్లతోపాటే వెళ్లాలి. విలీనంలో తెలుగు పోస్టు రద్దయితే అది తిరిగి రావడం మేము ఇంతవరకు చూడలేదు.

ప్రభుత్వం చేసేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. ప్రభుత్వ బడి అయితే పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. కర్ణాటకలో ఎస్‌డీఎంసీ అన్నా, ఇంకో చోట ఎస్ఎంసీ అన్నా అదే. కూలి పోతుందని, భాష రాదని మనవాళ్లు ఆ సమావేశాలకు వెళ్లకపోవడం, ఎవరో తెచ్చిన పుస్తకంలో సంతకం పెట్టడం చాలాచోట్ల ఉంది. 22వ సెక్షన్ ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక రాసేది ఆ కమిటీయే, గ్రాంట్లకు ఆధారం అదే. అందులో సున్నం, కిటికీలు, నీళ్ల ట్యాంకు రాస్తాం. ఖాళీ తెలుగు పోస్టు రాయం. ఈసారి మొదటి పేరాలో అదే రాయండి, ఏ నెల నుంచి ఖాళీయో తేదీతో సహా.

ఉపాధ్యాయ మిత్రులు ఉత్తరం రాస్తే సర్వీసు చిక్కులుంటాయి, అది మాకు తెలుసు. తల్లిదండ్రులకు ఆ భయం లేదు. 32వ సెక్షన్ కింద పిల్లల హక్కుకు సంబంధించిన ఫిర్యాదు ఎవరైనా స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. మూడు నెలల్లో దాన్ని తేల్చాలి. తేల్చింది నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ప్రవేశ పుస్తకంలో మాతృభాష గడిలో ‘తెలుగు’ అని రాశారో లేదో చూసుకోండి. చాలాచోట్ల గుమాస్తా తోచింది రాసేస్తాడు, తర్వాత ‘మీ ఊళ్లో తెలుగు పిల్లలే లేరు’ అనే లెక్క అక్కడి నుంచే పుడుతుంది. ఫిర్యాదు ఇచ్చేటప్పుడు రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీ, ముద్ర వేయించుకుని బడి ఫైల్లో పెట్టండి. వచ్చే మే నెలలో సంజాయిషీ రాయాల్సి వస్తే ప్రధానోపాధ్యాయులు దాని నకలు జవాబుకు జతచేస్తారు.